చిన్న కంపైలర్ ఎవరికి చిన్నది?

రాయలసీమలో ఊరి పేరు చివర ‘సముద్రం’ అని ఉంటే అక్కడ ఉప్పునీరు దొరుకుతుందని ఎవరూ అనుకోరు. ఆ మాటకు పెద్ద చెరువని అర్థం. మదనపల్లె ప్రాంతంలో పెద్దతిప్పసముద్రమూ ఉన్నది, చిన్నతిప్పసముద్రమూ ఉన్నది. వాన తక్కువైన ఈ నేలలో రైతు చెరువు విస్తీర్ణం ఒక్కటే చూసి తృప్తిపడడు. అది ఎన్ని వానలకు నిండుతుంది, తూము ఎవరి పొలానికి దగ్గర, కట్ట తెగితే ఊరివారు తామే పూడ్చుకోగలరా అని కూడ అడుగుతాడు.

కంప్యూటర్ భాషల విషయంలోనూ ఇట్టి ప్రశ్నలే అడగవలసి ఉన్నది. హాస్కెల్ అనే భాషకు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పుట్టిన పెద్ద కంపైలర్ ఒకటి మూడు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉన్నది. దాని పక్కన మైక్రోహెచ్‌ఎస్ అనే చిన్న కంపైలర్ ఇటీవల వచ్చినది. దీని కర్త లెన్నార్ట్ ఆగస్ట్‌సన్ అనే స్వీడన్ దేశస్థుడు. 2024లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన హాస్కెల్ గోష్ఠిలో ఆయన దీనిని గురించి పత్రం సమర్పించారు. చిన్నది కనుక బడులకు, పల్లె కళాశాలలకు ఇదే తగినదని ఎవరికైనా వెంటనే తోస్తుంది. ఆ ‘కనుక’ ఎంతవరకు నిలుస్తుందో చూడవలసి ఉన్నది.

కంపైలర్ అనగా అనువాదకుడు. మనిషి రాసిన మూలపాఠాన్ని యంత్రం నడవగల రూపంలోకి మార్చడం దాని పని. 1919లో మదనపల్లెలో బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాగూరు తన ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. అక్కడ కవీ, అనువాదకుడూ ఒక్కరే కనుక అర్థం మారిందేమో అన్న భయం లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థికి ఆ సౌకర్యం లేదు. రాసేది తాను, అనువదించేది మరొకరి కంపైలర్. ఆ మధ్యవర్తిని నమ్మడమా, చదివి అర్థం చేసుకోవడమా అన్నది చిన్న విషయం కాదు.

హాస్కెల్ వంటి వాటిని ప్రమేయ భాషలు అనవచ్చును. గణితంలో ప్రమేయం ఎట్టిదో ఇక్కడా అట్టిదే. ఒకే విలువ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది. ఇతర భాషలలో ప్రోగ్రాం అంటే వరుసగా చేయవలసిన ఆజ్ఞల పట్టిక. ఈ భాషలలో ప్రోగ్రాం అంటే కొన్ని సమీకరణాలు. తొమ్మిదో తరగతి బీజగణితం చదివిన పిల్లవానికి ఇది కొత్త కాదు. పైగా ‘య = య + 1’ అన్న రాత చూసి అతడు బెదిరిపోయే అవసరం ఇక్కడ రాదు.

ఈ వంశంలో మొదటి బిడ్డ లిస్ప్. జాన్ మెకార్తీ 1958లో దాని పని మొదలుపెట్టి 1960లో ప్రకటించారు. లిస్ప్‌కు లిస్ప్‌లోనే అర్థం చెప్పే ఒక చిన్న ప్రమేయాన్ని ఆయన కాగితంపై రాసుకున్నారు. స్టీవ్ రసెల్ అనే యువకుడు దానిని చేతితో ఐబీఎం 704 యంత్రభాషలోకి మార్చి నడిపించాడు. మెకార్తీకి అది ఆశ్చర్యమే అయినది. అదే మెకార్తీ వద్ద స్టాన్‌ఫర్డ్‌లో శిష్యుడై 1966లో డాక్టరేటు పొందినవారు నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి. లోకం ఆయనను రాజ్ రెడ్డిగా ఎరుగును. కాగితం మీద పట్టేంత చిన్నదైన అనువాదకుడు ఎంత దూరం పోగలడో ఆ తరం కళ్లారా చూసినది.

హాస్కెల్ చాలా తరువాతిది. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన సభలో, ఎవరికి వారు కట్టుకున్న ప్రమేయ భాషలు మరీ ఎక్కువైనవని, అందరికీ ఉమ్మడిగా ఒకటి ఉండాలని శాస్త్రజ్ఞులు సంఘంగా ఏర్పడ్డారు. 1990లో మొదటి నివేదిక వచ్చినది. తర్కశాస్త్రజ్ఞుడు హాస్కెల్ కరీ పేరే భాషకు పెట్టారు. ఈ భాషకు ఒక విశేష గుణం ఉన్నది. అవసరం వచ్చేవరకు ఏ లెక్కా చేయదు. దీనిని సోమరి పద్ధతి అంటారు. ఇంటికి చుట్టం వచ్చిన తరువాతనే పొయ్యి వెలిగించే గృహిణి సోమరి అయితే ఇదీ సోమరే.

గ్లాస్గో కంపైలర్ పెద్దదైనది ఊరక కాదు. సైమన్ పేటన్ జోన్స్, ఆయన సహచరులు, వారి తరువాత వచ్చిన అనేకులు దానిని ఏళ్ల తరబడి పెంచారు. రాసిన సమీకరణాలను అది పదే పదే సరళం చేస్తుంది, వృథా పనిని తొలగిస్తుంది, అనేక ప్రాసెసర్లపై ఒకేసారి నడిచే యంత్రభాషను ఇస్తుంది. బ్యాంకులు, పెద్ద సంస్థలు దానిపై ఆధారపడి ఉన్నవి. దాని మూలపాఠం లక్షల పంక్తులు. స్థాపించుకుంటే డిస్కులో ఒక గిగాబైటుకు మించి చోటు తీసుకుంటుంది. అన్నిటికంటె విచిత్రమైన సంగతి, ఆ కంపైలర్‌ను మూలపాఠం నుండి తయారు చేయాలంటే ముందుగా అదే కంపైలర్ పాత రూపం ఒకటి చేతిలో ఉండాలి. పెరుగు తోడు పెట్టడానికి పెరుగే కావలసినట్లు.

మైక్రోహెచ్‌ఎస్‌కు ఈ చిక్కు పైకి కనిపించదు. దీనిని తయారు చేసుకోవడానికి సి భాష కంపైలర్ ఒక్కటి ఉంటే చాలును. అది దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ దొరుకుతుంది. కొద్ది నిమిషాలలో పని ముగుస్తుంది. కావలసిన చోటు కొద్ది మెగాబైట్లు. పాత 32 బిట్ల యంత్రమైనా అడ్డుచెప్పదు. అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలర్ పలకలపై కూడ దీని ఫలితాలను నడిపించారు.

ఇంత చిన్నదిగా ఎట్లా ఉండగలిగినది? ఇక్కడనే ఈ రచనలోని అందమంతా ఉన్నది.

ప్రోగ్రాంలోని చలరాశుల పేర్లన్నిటినీ తుడిచివేసి, కేవలం కొన్ని స్థిరమైన గుర్తుల వరుసగా దానిని మార్చవచ్చునని మోజెస్ షోన్‌ఫింకెల్ 1920లో గాటింగెన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో చూపారు. అది 1924లో అచ్చయినది. తరువాత కరీ ఆ మార్గాన్ని విస్తరించారు. ఆ గుర్తులకు కాంబినేటర్లు అని పేరు. వాటిలో మూడు ఇవి:

ఐ ప = ప

కె ప ఫ = ప

ఎస్ ప ఫ య = ప య (ఫ య)

మొదటిది ఇచ్చినదానిని ఇచ్చినట్లే తిరిగి ఇస్తుంది. రెండవది మొదటి వస్తువును ఉంచుకొని రెండవదానిని పారవేస్తుంది. మూడవది చివరి వస్తువును ముందున్న ఇద్దరికీ పంచుతుంది. ఇప్పుడు ‘రెట్టింపు య = య + య’ అన్న సమీకరణాన్ని తీసుకుందాం. కూడిక గుర్తును ముందుకు తెచ్చి రాస్తే అది ‘(+) య య’. దీనిలోని ‘య’ను తుడిచివేస్తే మిగిలేది ‘ఎస్ (+) ఐ’ మాత్రమే. నమ్మకం కలగకపోతే 7 ఇచ్చి చూడవచ్చును:

ఎస్ (+) ఐ 7

(+) 7 (ఐ 7)

(+) 7 7

14

ప్రతి మెట్టులోనూ పై మూడు నియమాలలో ఒకటి, లేదా మామూలు కూడిక. అంతకు మించి ఏమీ లేదు. విద్యార్థి దీనిని పలకమీద చేయగలడు. మైక్రోహెచ్‌ఎస్ హాస్కెల్ ప్రోగ్రాం మొత్తాన్ని ఈ విధంగా కాంబినేటర్ల వరుసగా మార్చివేస్తుంది. ఆ వరుసను ఒక్కొక్క మెట్టుగా తగ్గించుకుంటూ పోయే యంత్రాంగం సి భాషలో రాసి ఉన్నది. నిజానికి అది వాడే కాంబినేటర్లు మూడు మాత్రమే కాదు. మూడింటితోనే సరిపెడితే చలరాశులు పెరిగిన కొద్దీ వరుస విపరీతంగా ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బును అదుపులో పెట్టే అదనపు కాంబినేటర్లను డేవిడ్ టర్నర్ 1979లో చూపారు. కాంబినేటర్లతో ప్రమేయ భాషను నిజమైన యంత్రంపై నడిపించే మార్గం వేసినది కూడ ఆయనే.

ఒక సందేహం రావచ్చును. ఎస్ నియమం చివరి వస్తువును ఇద్దరికి పంచుతున్నది గదా. ఆ వస్తువు 7 కాక, 1 నుండి 10 లక్షల వరకు గల సంఖ్యల మొత్తం అయితే అంత పనిని రెండుసార్లు చేయవలసి వస్తుందా? రాదు. కంపైలర్ ఆ వస్తువుకు నకలు తీయదు. ఇద్దరికీ ఒకే వస్తువును వేలితో చూపిస్తుంది. మొదట అవసరమైనవారు లెక్క పూర్తి చేయగానే ఆ స్థానంలో 50,000 కోట్ల 5 లక్షలు అన్న జవాబు వచ్చి కూర్చుంటుంది. రెండవవారు చూసేసరికి జవాబు సిద్ధంగా ఉంటుంది. సోమరి పద్ధతి వృథా పద్ధతి కాకపోవడానికి ఇదే కారణం. పెద్ద కంపైలర్‌లోనూ ఈ సూత్రమే ఉన్నది గాని, అక్కడ దానిని వెదకి పట్టుకోవడానికి నెలలు పట్టును. మైక్రోహెచ్‌ఎస్‌లో ఒక సాయంత్రం చాలును.

చరిత్రలో ఒక చమత్కారం ఉన్నది. టర్నర్ కాంబినేటర్ పద్ధతి మరీ చిన్న చిన్న అడుగులు వేస్తుంది కనుక నెమ్మది. దానిని వేగంలో దాటిపోయినది 1984లో స్వీడన్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన జి-యంత్రం అనే పద్ధతి. దానిని తీర్చిదిద్దినవారిలో థామస్ జాన్సన్‌తో పాటు రెండవవారు ఈ ఆగస్ట్‌సనే. అనగా యవ్వనంలో తాను ఓడించిన పద్ధతినే నలభై ఏళ్ల తరువాత ఆయన తిరిగి చేరదీశారు. కారణం గ్రహించడం కష్టం కాదు. 1984 నాటి యంత్రాలకంటె నేటి యంత్రాలు వేల రెట్లు చురుకైనవి. నాడు భరించలేని నెమ్మది నేడు అనేక పనులకు భరించదగినదే. భరించదగినది మాత్రమే, మైక్రోహెచ్‌ఎస్ ఫలితం గ్లాస్గో కంపైలర్ ఫలితంకంటె చాలా రెట్లు నెమ్మదిగా నడుస్తుందన్న మాట దాచరాదు. తరగతిలో చేసే లెక్కలకు ఇది అడ్డు కాదు. వాతావరణ గణనలకో, పెద్ద సమాచార రాశులకో దీనిని పూనుకోవడం ఎద్దుబండిపై ఎక్స్‌ప్రెస్ రైలును తరుమబోవడమే.

ఇంతవరకు చెప్పినవి ప్రధానంగా గుణాలు. ఇక విమర్శకు నిలవవలసిన విషయాలు రెండున్నవి.

మొదటిది నమ్మకానికి సంబంధించినది. సి కంపైలర్ ఒక్కటి చాలునన్న మాట నిజమే. కాని మైక్రోహెచ్‌ఎస్ తానూ హాస్కెల్‌లోనే రాసినది. అట్లయితే మొదటిసారి దానిని అనువదించినది ఎవరు? కర్త తన కంపైలర్‌ను ముందే కాంబినేటర్లుగా మార్చి, ఆ వరుసను ఒక సి ఫైలులో పెట్టి పంచుతున్నారు. అది చూడడానికి సి ఫైలే గాని మనిషి చదవదగినది కాదు. పేర్లన్నీ తుడుచుకుపోయిన గుర్తుల రాశి. అనగా తోడుకు పెరుగు అక్కరలేదని చెప్పి, తోడు వేసిన గిన్నెనే ఇచ్చినట్లయినది. 1983లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న కెన్ థాంప్సన్ తన ఉపన్యాసంలో సరిగా ఈ ప్రమాదాన్నే ఎత్తి చూపారు. కంపైలర్‌లో ఒక దుష్టమైన మార్పును దాచి, ఆ తరువాత మూలపాఠం నుండి దాని జాడలను చెరిపివేసినా, ఆ కంపైలర్ తన సంతానంలోకి ఆ దోషాన్ని మోసుకుపోగలదు. మూలపాఠం ఎంత శ్రద్ధగా చదివినా అది కనపడదు.

ఈ ఆక్షేపణకు జవాబు ఉన్నది. మైక్రోహెచ్‌ఎస్ మూలపాఠాన్ని గ్లాస్గో కంపైలర్ కూడ అనువదించగలదు. అట్లా వచ్చిన మైక్రోహెచ్‌ఎస్‌తో అదే మూలపాఠాన్ని మరల కాంబినేటర్లుగా మార్చి, కర్త పంచిన వరుసతో అక్షరం అక్షరం పోల్చి చూడవచ్చును. రెండూ సరిపోతే, ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్లు. హగ్స్ అనే పాత హాస్కెల్ సాధనం పూర్తిగా సి భాషలో రాసినది. కొద్ది మార్పులతో దాని ద్వారా కూడ మైక్రోహెచ్‌ఎస్‌ను నిలబెట్టే మార్గం ఉన్నది. కళాశాల విద్యార్థులకు ఇంతకంటె మంచి ప్రయోగం దొరకడం అరుదు. రసాయన శాస్త్రంలో ఒకే లవణాన్ని రెండు పరీక్షలతో నిర్ధారించడం వంటిదే ఇది. అయితే ఈ పని చేయకుండానే ‘చిన్నది కనుక నమ్మదగినది’ అనడం మాత్రం తొందరపాటు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది, ఉపాధ్యాయులకు మరింత దగ్గరైనది. కంపైలర్ చేసే పని అనువాదం ఒక్కటే కాదు. తప్పు జరిగినప్పుడు చెప్పడం కూడ. కొత్తగా నేర్చుకొనేవాడు రాసే పది ప్రోగ్రాంలలో తొమ్మిది మొదటిసారి తప్పే. అతనికి కంపైలర్ అనువాదకుడుగా కంటె ముందు పరీక్షకుడుగానే పరిచయమవుతుంది. గ్లాస్గో కంపైలర్ దోషసూచనలు దీర్ఘమైనవి, ఒక్కొక్కప్పుడు పండితులకే కొరుకుడుపడనివి. అయినా తప్పు ఏ పంక్తిలో ఉన్నది, ఏ రకం వస్తువు ఉండవలసిన చోట ఏది వచ్చినది, బహుశా విద్యార్థి ఉద్దేశించిన పేరు ఏది అన్నంతవరకు అది చెప్పడానికి ప్రయత్నిస్తుంది. ఆ పంక్తిని చూపి కింద గీత గీస్తుంది. మైక్రోహెచ్‌ఎస్ ఫలానా పంక్తిలో ఫలానా రెండు రకాలు కలియలేదని ముక్తసరిగా చెప్పి ఊరకుంటుంది. దోషసూచనలు ఇంత పేలవంగా ఎందుకున్నవన్న ప్రశ్నకు, అవి విసుగు పుట్టించే పని అన్న భావంతో కర్త తన వివరణ పత్రంలోనే జవాబు రాసుకున్నారు. చమత్కారంగా అన్నమాటే కావచ్చును. కాని సమాధానపత్రంలో ‘తప్పు’ అని మాత్రం రాసి, ఎందుకు తప్పో రాయని పరీక్షకుని వద్ద పిల్లలు ఎంత నేర్చుకుంటారో పాఠశాలలో పనిచేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పట్నంలో ఈ లోపం అంతగా బాధించదు. పక్క కుర్చీలో తెలిసినవాడు ఉంటాడు. పెద్దతిప్పసముద్రం వంటి మండల కేంద్రంలో హాస్కెల్ తెలిసిన రెండవ మనిషి దొరకడం కష్టం. అక్కడ దోషసూచనే గురువు. కనుక పాత యంత్రం, తక్కువ డిస్కు, మందగొడి ఇంటర్నెట్ ఉన్న చోటికి చిన్న కంపైలర్ తగినదన్న వాదం సగమే నిజం. యంత్రానికి తగినది, ఆ యంత్రం ముందు ఒంటరిగా కూర్చున్న విద్యార్థికి తగినది కాకపోవచ్చును. 2008లో పల్లె విద్యార్థుల కొరకు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి రాజ్ రెడ్డి గారు కులపతిగా ఉన్నప్పుడు, ప్రతి విద్యార్థి చేతికి కంప్యూటర్ ఇవ్వడం ఆ ప్రణాళికలో ముఖ్య భాగమైనది. చేతికి యంత్రం అందడం మొదటి మెట్టు. అది ఏమి చెబుతున్నదో అర్థం కావడం రెండవ మెట్టు. ఆ రెండవ మెట్టులో మైక్రోహెచ్‌ఎస్ బలహీనంగా ఉన్నది.

గ్రంథాలయాల కొరత, పెద్ద కంపైలర్‌లో ఉండి ఇందులో లేని భాషా విశేషాలు మొదలైన చిన్న లోపాలు ఇంకా ఉన్నవి. అవి తరచు మారుతున్నవి కనుక వాటిని లెక్కించి ప్రయోజనం లేదు.

కనుక దీనిని ఎవరు వాడాలి? హాస్కెల్ మొదటి పాఠం చెప్పే ఉపాధ్యాయునికి యంత్రం సహకరిస్తే గ్లాస్గో కంపైలర్ ఇచ్చే సంభాషణ సాధనమే మేలు. భాష కొంత వచ్చిన తరువాత, ఇది లోపల ఎట్లా పనిచేస్తున్నదని అడిగే విద్యార్థికి మాత్రం మైక్రోహెచ్‌ఎస్ కంటె మంచి పుస్తకం లేదు. పుస్తకమనే అనవలసి ఉన్నది. పదివేల పంక్తులకు మించిన హాస్కెల్, కొన్ని వేల పంక్తుల సి. ఒక విద్యాసంవత్సరంలో ఆసాంతం చదవదగినది. చదివినవారికి ఒక వింత ఎదురవుతుంది. కాంబినేటర్లుగా మార్చే భాగం చాలా చిన్నది. అన్నిటికంటె పెద్దది రకాల పరీక్ష చేసే భాగం. హాస్కెల్ భాషలో బరువంతా ఎక్కడ ఉన్నదో ఆ పుటల మందమే చెబుతుంది. దోషసూచనలలో ఎక్కువ భాగం పుట్టేదీ అక్కడనే.

ఇక్కడనే చిన్నతనం నిజంగా అక్కరకు వచ్చే పని ఒకటి కనిపిస్తున్నది. ఆ సూచనల వాక్యాలు మూలపాఠంలో తెరిచి ఉన్నవి, మార్చుకోవడానికి అనుమతీ ఉన్నది. వాటిని విడమరచి, తెలుగులో, తొమ్మిదో తరగతి పిల్లవానికి అర్థమయ్యేట్లు తిరిగి రాయడం పెద్ద కంపైలర్‌లో ఏళ్ల పని. ఇందులో ఒక లెక్చరర్, నలుగురు చివరి సంవత్సరం విద్యార్థులు వేసవి సెలవుల్లో ఆరంభించదగిన పని. రాసిన తరువాత కంపైలర్‌ను తిరిగి తయారు చేసుకోవడానికి కొద్ది నిమిషాలే పట్టును కనుక, ఉదయం మార్చిన వాక్యాన్ని మధ్యాహ్నం తరగతిలో పిల్లల ముందు పెట్టి వారికి బోధపడినదో లేదో చూడవచ్చును. పరిభాష ముందుగా తేల్చుకోవాలి. వస్తువుల ‘రకం’ అనాలా ‘జాతి’ అనాలా, రెండు రకాలు ‘కలియలేదు’ అనాలా ‘పొసగలేదు’ అనాలా, సమీకరణానికి ఎడమ పక్కన ఉన్న పేరును ఏమని పిలవాలి అన్నవి మొదటి రోజునే ఎదురయ్యే ప్రశ్నలు.